గోమయ మహారాజు: జీవితము, పరిపాలన

ముందే చెబుతున్నాను, ఆ రాజుకు ఆ పేరు పెట్టింది నేను కాదు. వాళ్ల అమ్మానాన్నలు పెట్టారు. పదమూడు వందల ఏళ్లు దాటిపోయాయి కాబట్టి ఇప్పుడు వాళ్లను పిలిచి అడిగే వీల్లేదు. ఇంగ్లండుకు ఇంకా ఇంగ్లండు అనే పేరు కూడా రాని రోజుల్లో, అక్కడ మెర్సియా అనే రాజ్యాన్ని ఏలిన ఆ మహానుభావుడి పేరు పెండ. లండన్‌లో నిలబడి ఈ పేరు చెబితే ఎవరూ ముక్కు మూసుకోరు. మా దగ్గర మూసుకుంటారు. తెలంగాణలో పుట్టినవాళ్లకు పెండ అంటే ఏమిటో నేను విప్పి చెప్పనక్కర్లేదు. కృష్ణకు అవతల పుట్టినవాళ్ల కోసం చెబుతున్నాను, మీరు పేడ అంటారే, అదే.

నా పేరు ఈదునూరి స్వరూప. మా విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. కాంట్రాక్టు అంటే ప్రతి జూన్‌లో ఉద్యోగం పోయి, మళ్లీ ఎవరో దయతలిస్తే వచ్చేది. ఆ ఏడాది పైనుంచి ఒక మాట దిగింది. జూన్ లోపల పీహెచ్‌డీ చేతికి వచ్చినవాళ్లు పర్మనెంట్ అవుతారు, రానివాళ్లు శాశ్వతంగా ఇంటికి పోతారు. ఇంట్లో సంపాదించేదాన్ని నేనొక్కదాన్నే. నా పీహెచ్‌డీ పెండ రాజు మీద.

ఇంతమంది రాజులుండగా ఆయనే ఎందుకని అందరూ అడుగుతారు. ఇష్టం కాబట్టి. చుట్టుపక్కల రాజులంతా కొత్త మతంలో కలుస్తుంటే ఆయన పాత దేవుళ్లనే పట్టుకుని ఉండిపోయాడు. అట్లాగని కొత్త మతం చెప్పేవాళ్ల నోరు నొక్కలేదు. నమ్ముతున్నామని చెప్పి, చెప్పినట్టు బతకని వాళ్లను చూస్తేనే ఆయనకు ఒళ్లు మండేదట. ఈ మాట రాసిపెట్టింది కూడా ఆయన మనుషులు కాదు, అవతలి పక్షం సన్యాసి. శత్రువు చేత ఇంత మంచి మాట రాయించుకున్నవాడి మీద నాలుగు పేజీలు రాస్తే తప్పేమిటి?

తప్పేమిటో మా అత్తమ్మ చెప్పింది.

"పెండ ఎత్తెటోళ్లను చూసిన, పెండతోని అలుకు చల్లెటోళ్లను చూసిన. పెండ మీద పుస్తకం రాసెటోళ్లను ఇప్పుడే చూస్తున్న బిడ్డా."

"అది మనిషి పేరు అత్తమ్మా. రాజు."

"రాజైతే మాత్రం? వాడకట్టుల ఆడోళ్లు అడిగితే నేనేం చెప్పాలె?"

ఇంగ్లీషులో రాసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. కానీ మా దగ్గర చరిత్ర సిద్ధాంత గ్రంథాలు తెలుగులోనే రాయాలని నియమం. మంచి నియమమే. ఆ నియమం పెట్టినవాళ్లకు మెర్సియా రాజుల సంగతి తెలియదు, అంతే. నేను గ్రంథం పూర్తి చేసి "పెండ రాజు: జీవితం, పరిపాలన" అని అట్ట మీద అచ్చువేయించి ఇచ్చాను. అది నేరుగా భాషా మర్యాదా పరిరక్షణ సంఘం బల్ల మీద వాలింది.

ఈ సంఘం ఒక స్నాతకోత్సవంలో పుట్టింది. ముఖ్య అతిథి మైకు ఆపేశారనుకుని పక్కవాడితో ఏదో అన్నాడు. మైకు ఆపలేదు. ఆ మర్నాడే విశ్వవిద్యాలయంలో ఎవరి నోటా ఏ అమర్యాద పదమూ రాకుండా చూడటానికి సంఘం వేశారు. దానికి అధ్యక్షులు ఆచార్య పరాంకుశం గారు. ఆయన క్యాంటీన్‌లో టీ అడిగినా "ఒక పాత్ర తేనీరు ప్రసాదింపుము" అంటాడు. పాపం, అది అర్థమయ్యేదాకా క్యాంటీన్ పిల్లలు ఆయనకు టీ ఇవ్వరు.

నన్నూ, మా గైడ్ యాదగిరాచారి గారినీ పిలిపించారు. మా ఆచారి సారు దేవుడి లాంటి మనిషి, కానీ ఆయనకు లొల్లి అంటే భయం. లిఫ్ట్‌లో ఎవరైనా గట్టిగా తుమ్మినా దిగిపోతాడు.

"అమ్మా," అన్నారు పరాంకుశం గారు నా గ్రంథాన్ని రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని, "ఈ గ్రంథమున పుటపుటకును అమర్యాద కలదు. ఒకచోట 'పెండ సింహాసనమెక్కెను' అని ఉన్నది. వేరొకచోట 'పెండను చూచి శత్రువులు పారిపోయిరి' అని ఉన్నది. పారిపోరా మరి?"

"సార్, అది పేరు."

"పేరైన నేమి? పేరునందున్నదియు పదమే కదా."

ఆచారి సారు గొంతు సవరించుకున్నాడు. "చివరకు దీర్ఘం ఇద్దాం సార్. పెండా అని రాద్దాం. లొల్లి ఉండదు."

"దీర్ఘమిచ్చినచో దుర్గంధము తగ్గునా ఆచారిగారూ? మరికొంత దూరము వ్యాపించును."

సంఘం చాలాసేపు ఆలోచించింది. చివరికి పరాంకుశం గారి ముఖం వెలిగింది. "గోమయము! ఆహా. సంస్కృతమున చెప్పినచో ఏదియును వాసన వేయదు. నేటినుండి ఈ ప్రభువు గోమయ మహారాజు." సభ్యులు బల్లలు చరిచారు. నేనూ చరిచాను. జూన్ దగ్గర పడుతోంది మరి.

అక్కడితో లేచిపోయి ఉండాల్సింది. ఆయన ఆప్యాయంగా ఇంకో ప్రశ్న వేశారు.

"మహారాజునకు పుత్రసంతానము?"

"ఉన్నారు సార్."

"తదనంతరము రాజ్యమునకు వచ్చిన కుమారుని నామధేయము?"

నేను ఆచారి సారు వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"పేడ, సార్."

గోదావరి వైపు నుంచి వచ్చిన సత్యవాణి మేడం అనే సభ్యురాలు నెమ్మదిగా నోరు విప్పింది. "మా వైపు కూడా అదేనండీ. తండ్రిది తెలంగాణ మాండలికం, కొడుకుది కోస్తా మాండలికం అన్నమాట. ఉమ్మడి కుటుంబం."

"పీడ అని కూడా పలుకుతారు సార్ కొందరు," అన్నాను, సాయం చేద్దామని.

"శుభమా అని పరిశోధన చేయుచు పీడ యందురా!" అని చెవులు మూసుకుని ఆయన కొడుక్కి గోమయ కుమారుడు అని నామకరణం చేశారు. పురిటి స్నానం ఒక్కటే తక్కువ.

సరే, ఒక రాజు పేరు మారింది, నా పని అయిపోయింది అనుకున్నాను. సంఘానికి అంత చిన్న పనితో కడుపు నిండలేదు. ఒక్క గ్రంథంలో మాటను తీసేసి మిగతా విశ్వవిద్యాలయంలో ఉంచితే పక్షపాతం అవుతుందట. అందుకని మా సెంట్రల్ కంప్యూటర్‌లో ఉన్న తెలుగు కాగితాలన్నిటిలో ఆ పదం ఎక్కడున్నా తీసేసి కొత్త పదం పెట్టమని తీర్మానించారు, ఇకముందు ఎవరు టైపు చేసినా సరే. కంప్యూటర్ విభాగం బాలకిషన్ ఒక మీట నొక్కాడు. విభక్తులు అతుక్కోవాలి కదా అని 'గోమయ' దగ్గరే ఆపాడు. తెలివైనవాడే.

కంప్యూటర్‌కు పెండ అంటే రాజని తెలియదు, పెండ అని కూడా తెలియదు. ఆ అక్షరాలు వరుసగా కనబడితే చాలు, మార్చిపారేస్తుంది. నా గ్రంథంలో రాజుగారి కూతురి పెండ్లి ఒక ముఖ్య ఘట్టం. తెరిచి చూస్తే "గోమయ మహారాజు తన కూతురి గోమయ్లి వైభవంగా జరిపించెను" అని ఉంది. నాకు తల తిరిగింది.

తిరిగింది నా ఒక్కదాని తలే కాదు. పరీక్షల విభాగం గుమస్తా చెల్లెలి గోమయ్లికి సెలవు పెట్టుకుంటే, అదేదో అంటురోగం అనుకుని మెడికల్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. పరిశోధక విద్యార్థులకు స్టైగోమయ్ మంజూరైంది. ఎక్కడికెళ్లి తీసుకోవాలో, దేంట్లో తీసుకోవాలో తెలియక వాళ్లు బకెట్లు పట్టుకుని అకౌంట్స్ ముందు నిలబడ్డారు. హాస్టల్ మెస్ బోర్డు మీద ఆ రోజు కూర కర్రపెండలం వేపుడు. అచ్చులో కర్రగోమయలం వేపుడు అని వచ్చింది. పిల్లలు కంచాలు మోగిస్తూ ధర్నాకు దిగారు. "కూర మంచిదే, పేరే మారింది" అని వార్డెన్ మొత్తుకున్నా ఒక్కడూ ముద్ద ముట్టలేదు. పరిపాలనా భవనంలో మాత్రం పెండింగ్ ఫైళ్లన్నీ గోమయింగ్ ఫైళ్లయ్యాయి. ఆ ఒక్క మాటా ఎవరికీ తేడాగా అనిపించలేదు.

పక్క జిల్లా వ్యవసాయ కళాశాల వాళ్లు నా గ్రంథం పేరు చూసి సేంద్రియ ఎరువుల సదస్సుకు ముఖ్య వక్తగా పిలిచారు. శాలువా కూడా కప్పుతామన్నారు.

నేను పరిగెత్తుకుంటూ పరాంకుశం గారి దగ్గరికి పోయాను. "సార్, పెండ్లి కూడా పోయింది. చాలా పొరపాట్లు వచ్చినై సార్."

ఆయన చిరునవ్వు నవ్వారు. "సంఘము పొరపాటు చేయదమ్మా. ఒకవేళ సంఘమే చేసినచో, అది పొరపాటు కానేరదు."

ఇక మిగిలింది వైవా. అది గట్టెక్కితే పీహెచ్‌డీ, పీహెచ్‌డీ వస్తే పర్మనెంట్. బయటి పరీక్షకుడు వచ్చాడు. భోజనం ముందు కాసేపు, భోజనం తర్వాత చాలాసేపు కునుకు తీశాడు. భాషా మర్యాద తరఫున పరాంకుశం గారు కూర్చున్నారు. ఆయన నా గ్రంథం మొత్తం చదివారు. అదే కొంప ముంచింది.

"మహారాజు శౌర్యము మిక్కిలి మెచ్చితిమి. ఇద్దరు నార్తంబ్రియా ప్రభువులను రణమున కూల్చిన వీరుడు! కాని ఒక్కటి మా మనస్సును కలచివేసినది. ఇచట 'తూర్పు ఆంగ్లియా మీద దండెత్తి అన్నను చంపెను' అని ఉన్నది."

"అవును సార్."

"తోడబుట్టిన అన్ననా?"

"తోడబుట్టిన అన్న కాదు సార్. అన్న అనే రాజు."

"పెదతండ్రి కుమారుడా?"

"చుట్టమే కాదు సార్. ఆయన పేరే అన్న."

"ఎవరికి అన్న?"

"ఎవరికీ కాదు... అంటే, ఒక తమ్ముడున్నడు సార్. ఎథెల్‌హియర్ అని."

"తమ్ముడున్నచో అన్న అన్నయే కదా!"

"ఆ తమ్మునికి అన్న సార్. మన రాజుకు కాదు."

"మరి ఆ తమ్ముడు, అన్నను చంపినవానిపై పగ తీర్చుకొనెనా?"

"లేదు సార్. మన రాజు పక్కనే చేరి యుద్ధం చేసిండు."

బయటి పరీక్షకుడు కళ్లు తెరవకుండానే అన్నాడు. "ఆస్తి తగాదా అయ్యుంటదండీ. మా పాలివాళ్లల్ల గూడ గిట్లనే అయింది."

పరాంకుశం గారు కలం మూత తీశారు. "అన్నను చంపుట మన సంస్కృతి కాదు. 'అన్నను ఆలింగనము చేసికొనెను' అని దిద్దుము. అట్లే గ్రంథాంతమున మహారాజు వియ్యంకుని చేత హతుడైనట్లున్నది. ఏమి అశుభము!"

ఇది నిజమే. నార్తంబ్రియా రాజు ఓస్వియు, మన పెండ కుండమార్పిడి వియ్యంకులు. ఈయన కూతుర్ని ఆయన కొడుక్కి ఇచ్చాడు, ఆయన కూతుర్ని ఈయన కొడుక్కి చేసుకున్నాడు. ఇన్ని చేసి, చివరికి ఒక వరద ఏటి పక్కన ఆ వియ్యంకుడితో జరిగిన యుద్ధంలోనే చచ్చిపోయాడు. నాకు ఆయన మీద జాలి పుట్టింది ఆ పేజీ రాస్తున్నప్పుడే.

"వియ్యంకులిద్దరును సహపంక్తి భోజనము చేసిరని వ్రాయుము. దిద్ది సంతకము చేసితివా, ఈ క్షణమే నీకు డాక్టరేటు."

ఆచారి సారు నా చెవి దగ్గరికి వంగాడు. "స్వరూపా, రెండు మాటలే కదమ్మా. జూన్ దాటితే నీ నౌకరి పోతది. అన్న చచ్చి పదమూడు వందల ఏండ్లాయె, ఏమనుకోడు."

నిజం చెబుతున్నాను, కలం చేతిలోకి తీసుకున్నాను. అత్తమ్మ బీపీ గోలీలు, పిల్లదాని స్కూలు, అద్దె ఇల్లు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. సంతకం పెట్టి పర్మనెంట్ అయిపో, ఎవడు చదవొచ్చాడు అనుకున్నాను. కలం కాగితానికి ఆనింది కూడా. 'గోమయ మహారాజు అన్నను ఆలింగనము చేసికొనెను.' కలం వెనక్కి తీశాను. చెప్పేదొకటి చేసేదొకటి అయినవాళ్లను అసహ్యించుకున్న మనిషి చేత నేను దొంగ కౌగిలి ఇప్పించాలా?

లేచి నిలబడ్డాను.

"పేరు మార్చిండ్రు, ఊకున్న. కొడుకు పేరు మార్చిండ్రు, ఊకున్న. బిడ్డ పెండ్లి గూడ పాడు చేసిండ్రు, ఊకున్న. సచ్చినోళ్లను లేపి బువ్వ తినిపియ్యుమంటే ఎట్ల సార్? ఆయన అన్నను సంపిండు, వియ్యంకుని చేతుల సచ్చిండు, ఆయన పేరు పెండ! పెండ! పెండ!"

బయటి పరీక్షకుడు ఈసారి నిజంగానే లేచాడు. ఆచారి సారు అప్పటికే గదిలో లేడు. పరాంకుశం గారు చెవుల మీద చేతులు పెట్టుకుని, నిషిద్ధ పదము ఉచ్చరించిన ఎవరినైనను అదే దినమున శిక్షించవలెను అనే తమ తీర్మానాన్ని అక్కడికక్కడే చదివి వినిపించి, నన్ను సస్పెండ్ చేయమని కబురు పంపారు. ఆ కబురు కూడా ఒక చీటీ మీద రాసి పంపారు. నోటితో అనలేరు కదా.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఏడ్చాను. అత్తమ్మ పక్కన కూర్చుని నా వీపు నిమిరింది. "పోనీ బిడ్డా. ఏమన్నవు వాళ్లను?" అంది. చెప్పాను. "గంతేనా? నేనైతే ఇంకో నాలుగు అందును," అంది.

మర్నాడు ఉత్తర్వు చేతికి వచ్చింది. కంప్యూటర్‌లోంచి దిగిన కాగితం. "క్రమశిక్షణారాహిత్యము కారణముగా చరిత్ర శాఖ కాంట్రాక్టు లెక్చరర్ ఈదునూరి స్వరూపను తక్షణము సస్గోమయ్ చేయడమైనది." కింద ముద్ర, ఉపకులపతి సంతకం. నేను దాన్ని అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. తిన్నగా రిజిస్ట్రార్ నరహరి గారి గదికి పోయాను.

"సార్, నేను డ్యూటీకి రావాల్నా, వద్దా?"

నరహరి గారు నిబంధనల పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేశారు. "ఇందుల మందలింపు ఉన్నది, తొలగింపు ఉన్నది. ఇంకోటి ఉన్నది," అని గొంతు తగ్గించారు. "దాన్ని నేను పలకరాదమ్మా. ఆ మాట నడుమ ఆ నిషిద్ధ మాట ఉన్నది. కాని ఈ సస్గోమయ్ మాత్రం యాడ లేదు."

"తప్పుపడ్డదని కొత్తది ఇయ్యండి సార్."

"తప్పంటే సంఘం తప్పు చేసినట్టయితది. సంఘం తప్పు చెయ్యదు కదా."

దాంతో ఉత్తర్వు అర్థం చెప్పమని సంఘానికే పోయింది. పరాంకుశం గారు నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నారు. మీట తప్పు నొక్కామని ఒప్పుకుంటే సంఘం పరువు పోతుంది. అర్థం లేదంటే ఉపకులపతి అర్థం లేని దాని మీద సంతకం పెట్టినట్టవుతుంది. ఆయన ఊరికే పండితుడు కాలేదు. నిండు సభలో వివరణ చదివారు.

"సస్ యనగా సస్యము, పైరు. గోమయ్ యనగా ఎరువు. ఎరువు చేనిలో ఎట్లు కలిసిపోయి, ఇక ఎన్నటికిని వేరు చేయ శక్యము కాకుండునో, అట్లే వ్యక్తి సంస్థయందు శాశ్వతముగా కలిసిపోవుటయే సస్గోమయ్."

సభ్యులు చప్పట్లు కొట్టారు. నరహరి గారు మాత్రం కొట్టలేదు. ఆయన ముఖం పాలిపోయింది.

"అంటే పర్మనెంట్ చేసినట్టా సార్?"

"ఆంగ్లమున మీరేమందురో మాకు తెలియదు."

ఉత్తర్వు మీద సంతకం ఉంది, తక్షణము అనే మాట ఉంది, అర్థం చెప్పిన తీర్మానమూ ఉంది. నన్ను ఎవరూ కదపలేరు. నా పీహెచ్‌డీ మాట ఇప్పటికీ ఎవరూ ఎత్తడం లేదు. ఉద్యోగం మాత్రం పర్మనెంట్ అయింది. ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో నేను ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. ఆచారి సారు వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టి, వెంటనే తలుపు దగ్గరికి వెళ్లి ఎవరైనా చూశారేమో అని చూసుకున్నాడు.

సోమవారం పొద్దున నేను వచ్చేసరికి సంఘం ఆఫీసు ముందు వరండా నిండిపోయింది. ఫిజిక్స్ కాంట్రాక్టు లెక్చరర్లు, కామర్స్ వాళ్లు, లైబ్రరీ వాళ్లు, జూన్‌లో ఇంటికి పోవాల్సిన వాళ్లంతా వరుసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే లోపలికి పోయి, పరాంకుశం గారికి నమస్కారం పెట్టి, గుండె నిండా గాలి పీల్చుకుని "పెండ!" అని అరిచి బయటికి వస్తున్నారు. గట్టిగా అనలేని ఇంగ్లీషు మేడం ఒకావిడ ముందుగా బయట గొంతు సాధన చేసుకుంటోంది. ఆయన తీర్మానం ప్రకారం ఆ మాట ఎవరు అన్నా సరే అదే రోజు శిక్షించాలి. శిక్షించకపోతే సంఘం మాట తప్పినట్టు. చెవుల్లో దూది పెట్టుకున్నారు. వీళ్లు ఇంకా గట్టిగా అరిచారు. మధ్యాహ్నానికి భవనం మొత్తం ఒకటే నినాదం. మెర్సియాలో బతికున్న రోజుల్లో కూడా ఆ రాజుకు ఇన్ని జేజేలు పలికారని నేను అనుకోను.

సాయంత్రానికి వరుస అయిపోయింది. నేనూ నరహరి గారూ వరండాలో నిలబడి ఉన్నాం. "పాపం, ఈ ముసలాయన ఎన్ని ఉత్తర్వులు రాసిండో," అన్నాను. ఎంతైనా నాకు ఆయన మీద జాలి వేసింది.

"ఆయనకు మాత్రం ఏముందమ్మా," అన్నారు నరహరి గారు. "రిటైరైనంక ఏడాదికోపాలి పొడిగించుకుంట వస్తున్నడు. ఈ జూన్‌తోని ఆయనది గూడ ఆఖరే."

అప్పుడే లోపల గడియ వేసిన చప్పుడైంది. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు. మూసిన తలుపు వెనక నుంచి, ఒక్కో అక్షరం విడివిడిగా, జీవితంలో మొదటిసారి ఆ మాట పలుకుతున్న మనిషి గొంతు వినిపించింది.

"పెం... డ."

మర్నాడు ఉత్తర్వుల కట్టలో అన్నిటికన్నా పైన ఆయనదే ఉంది. శిక్ష పడినవారు పరాంకుశం గారు, శిక్ష వేసినవారు పరాంకుశం గారు.